సుంకి ఘాటీ ఎక్కుతుంటే స్టెబిలిటీ లైటు వెలిగింది, ఆఫ్ బటన్ నొక్కి నడపొచ్చా?

కొరాపుట్ బాటసారి
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. మొన్న ఆదివారం విజయనగరం వెళ్ళాం పెళ్ళికి, ఎలాగూ వెళ్ళాం కదా అని ముందు టైర్లు రెండూ మార్పించీసి చక్రాలు తిన్నగా ఉండేలా అలైన్‌మెంట్ చేయించాను, అదే రోజు ఇంకో షాపులో మ్యూజిక్ సిస్టం కూడా పెట్టించాను. సాయంత్రం తిరుగు ప్రయాణం. సాలూరు దాటి ఘాటీ మొదలయ్యాక ఐదారు మలుపులు బాగానే ఎక్కింది, తర్వాత మీటర్‌లో కారు బొమ్మ కింద పాము మెలికల్లా గీతలుంటాయి చూడండి, ఆ పసుపు లైటు వెలిగి ఉండిపోయింది. దానికి ముందు ఒక మలుపులో నేను బ్రేకు తొక్కకుండానే కింద ఎక్కడో టరటరమని శబ్దం వచ్చి బండి ఒక పక్కకి లాగినట్టనిపించింది. వెనక సీట్లో అమ్మ, మా ఆవిడ, పాప. గుండె ఝల్లుమంది. సుంకి దగ్గర టీ కొట్టు కాడ ఆపి ఇంజన్ ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే లైటు పోయింది, పొట్టంగి దాకా వచ్చేసరికి మళ్ళీ వచ్చింది. అప్పట్నుంచి రోజూ ఇదే. తిన్నటి రోడ్డు మీద పోతుంటే స్టీరింగు కూడా కొంచెం ఎడమ వైపుకి తిరిగి ఉంటోంది.

మూడు అడుగుతున్నాను. అసలు ఈ స్టెబిలిటీ కంట్రోల్ దేన్ని చూసి పని చేస్తుంది? లైటు వెలుగుతుండగా ఘాటీ దిగొచ్చా? డాష్‌బోర్డు మీద ఆఫ్ బటన్ ఉంది, అది నొక్కి నడిపేస్తే ఏమవుతుంది? వచ్చే వారం అమ్మని చూపించడానికి వైజాగ్ తీసుకెళ్ళాలి.

బరంపురం ట్రావెల్స్
ఆఫ్ నొక్కీసి నడిపీ గురూ. 22 ఏళ్ళుగా ఈ ఘాటీల్లో తిప్పుతున్నాను, తప్తపాణి ఘాటీ, సుంకి ఘాటీ, దారింగబాడి రోడ్డు, అన్నీ పాత జీపుల్తోనే, వాటికి ఏబీఎస్ కూడా లేదు, అదే, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది. చెయ్యి, కాలు, కన్ను చెప్పిన మాట వింటే చాలు. సెన్సార్లు ఎక్కువైతే లైట్లు కూడా ఎక్కువే.

పర్లాకిమిడి పద్మ
అన్నయ్యగారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది గానీ ఆఫ్ చేసి నడపమని మాత్రం చెప్పకండి, ఆయన బండిలో పెద్దావిడ, చిన్న పాప ఉన్నారు. పోయిన శ్రావణ మాసంలో నేను గుణుపురం నుంచి వస్తున్నాను, సన్న తుంపర, రోడ్డంతా ఎర్రమట్టి జిగురు, 60లో ఉన్నానేమో, పొద మాటు నుంచి దూడ ఒక్కటే అడ్డం వచ్చింది. కుడికి తిప్పి వెంటనే ఎడమకి తిప్పాను, అది ఆలోచించి చేసింది కాదు, చేతులే చేసేశాయి. వెనక భాగం జారుతున్నట్టు నడుముకి తెలిసింది, అదే క్షణంలో ఇదే లైటు టపటపా మినుకుమని, కింద టరటరమంది, బండి మళ్ళీ తిన్నగా నిలబడింది. రోడ్డు పక్కనే వరిమడి, రెండడుగుల లోతు నీళ్ళు. బండి ఆపి పది నిమిషాలు అలా కూర్చుండిపోయాను, దూడ మాత్రం గడ్డి మేస్తూనే ఉంది. ఆ పూట ఆ పని చేసింది నా చెయ్యీ కాదు, కాలూ కాదు. బ్రేకు నేను తొక్కలేదు.

ఒక తేడా గమనించండి. నాకు లైటు మినుకుమంది, అంటే అది పని చేస్తోందని. మీకు నిలకడగా వెలుగుతోంది, అంటే ఏదో తేడా వచ్చి అది పక్కకి తప్పుకుందని. ఈ రెండూ ఒకటి కావు.

సెమిలిగుడ మాస్టారు
పద్మమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, ఈ విషయం అంటే ఇష్టం కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

బండికి రెండు సంగతులు తెలియాలి. డ్రైవరు ఎటు పోదామనుకుంటున్నాడు, బండి నిజంగా ఎటు పోతోంది. మొదటిది స్టీరింగు యాంగిల్ సెన్సార్ చెప్తుంది, స్టీరింగు కాలమ్ మీద ఉంటుంది, ఎన్ని డిగ్రీలు తిప్పారో చూస్తుంది. నాలుగు చక్రాల దగ్గర నాలుగు వీల్ స్పీడ్ సెన్సార్లు, అవి ఏబీఎస్‌వే, వేగం చెప్తాయి. ఇంత తిప్పాడు, ఇంత వేగంలో ఉన్నాడు, కాబట్టి బండి ఇంత తిరగాలి అని కంప్యూటర్ లెక్క కడుతుంది.

రెండోది చెప్పేవే అసలు మోషన్ సెన్సార్లు. ఒకటి యా రేట్ సెన్సార్, అంటే బండిని పైనుంచి చూస్తే బొంగరంలా తన చుట్టూ తాను సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చెప్పేది. ఇంకోటి లేటరల్ యాక్సిలరేషన్ సెన్సార్, మలుపులో మనం డోర్ వైపు ఒరిగిపోతాం చూడండి, ఆ పక్క తోపు ఎంతో కొలిచేది. ఈ రెండూ చాలా బళ్ళలో ఒకే చిన్న డబ్బాలో ఉంటాయి, అగ్గిపెట్టెకి కాస్త పెద్ద.

ఇప్పుడు పోలిక. తిరగాల్సినంత తిరగట్లేదు, ముందు చక్రాలు జారి బండి మలుపు బయటికి పోతోంది అనుకోండి, అప్పుడు లోపలి వైపు వెనక చక్రం ఒక్కదానికే బ్రేకు పడుతుంది, బండి ముక్కు లోపలికి తిరుగుతుంది. తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరుగుతోంది, వెనక భాగం బయటికి కొట్టుకుపోతోంది అంటే బయటి వైపు ముందు చక్రానికి బ్రేకు. అవసరమైతే ఇంజన్ శక్తి కూడా తగ్గిస్తుంది. మనిషికి ఉన్నది ఒక్క బ్రేకు పెడలు, ఎంత గొప్ప డ్రైవరైనా ఒక్క చక్రానికి మాత్రమే బ్రేకు వెయ్యలేడు. ఈ పోలికని తమ సిస్టం సెకనుకి 25 సార్లు చేస్తుందని బాష్ కంపెనీ చెప్తుంది. ఆ టరటర శబ్దం బ్రేకు ఆయిల్‌ని తోసే పంపుది, వాల్వులది.

గుణుపురం బీటెక్
మాస్టారూ నాదో డౌట్, పక్క తోపు కొలిచే సెన్సార్ ఒక్కటి చాలదా? మళ్ళీ ఆ యా రేట్ ఎందుకు?

సెమిలిగుడ మాస్టారు
చాలదు బాబూ. రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటే బండి కదలకుండా నిలబడి ఉన్నా ఆ సెన్సార్ ఏదో ఒక అంకె చూపిస్తుంది, ఎందుకంటే దానికి భూమి లాగుడికీ మలుపు తోపుకీ తేడా తెలీదు. యా రేట్ సెన్సార్‌కి ఆ బాధ లేదు, తిరిగితేనే తిరిగానంటుంది. కానీ అది కూడా ఒక్కటే చాలదు. బండి జారకుండా తిరుగుతున్నప్పుడు వేగాన్ని తిరుగుడు రేటుతో గుణిస్తే సరిగ్గా పక్క తోపు రావాలి. రాలేదంటే, తిరుగుడు ఎక్కువా తోపు తక్కువా ఉంటే, బండి ముక్కు ఒక దిక్కుకీ పోతున్నది ఇంకో దిక్కుకీ అన్నమాట, జారుతోంది. ఒకదాని మాట ఒకటి పట్టి చూసుకుంటాయి, సాక్షుల్ని విడివిడిగా అడిగినట్టు.

గుణుపురం బీటెక్
ఇది భలే ఉంది. నా ఫోన్‌లో కూడా జైరో, అంటే ఇలా తిరుగుడు కొలిచే సెన్సార్, ఉంది కదా, యాప్‌లో అంకెలు కనిపిస్తాయి. రేపు మావయ్య బండిలో రాయగడ వెళ్తున్నాం, ముందు సీట్లో కూర్చుని చూస్తాను. నడిపేది మావయ్యే, కంగారు పడకండి.

జయపురం గేరేజీ
బాటసారి బాబూ, లేటుగా చూసినాను, పన్లో ఉన్నాను. నాలుగు అడుగుతాను, తిన్నగా జవాబు చెప్పు.
మ్యూజిక్ సిస్టం పెట్టినప్పుడు గేర్ రాడ్ దగ్గర కన్సోల్ ఇప్పీసారా?
అలైన్‌మెంట్ అయ్యాక స్కానర్, అదే బండి కంప్యూటర్‌ని చదివే మెషీను, పెట్టి స్టీరింగు తిన్నగా ఉన్నది ఇదీ అని జీరో చేసారా, ఊరికే రాడ్లు తిప్పి పంపీసారా?
కొత్త టైర్లు పాత సైజే కదా?
లైటు ఒకటే ఎలుగుతోందా, ఏబీఎస్ లైటు, ఎర్ర బ్రేకు లైటు కూడానా?

కొరాపుట్ బాటసారి
మేస్త్రీగారూ, సైజు పాతదే, బిల్లు చూశాను. లైటు అదొక్కటే. స్కానర్ ఏదీ పెట్టినట్టు నేను చూడలేదు, కంప్యూటర్ స్క్రీన్ మీద పచ్చ గీతలు చూపించి అయిపోయింది సార్ అన్నాడు. కన్సోల్ మాత్రం విప్పారు. ఆంప్లిఫయర్ వైరు వెనక్కి లాగాలని హ్యాండ్ బ్రేకు దాకా మొత్తం తీశారు, నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి బిగించేశారు.

జయపురం గేరేజీ
అదీ. చాలా మోడళ్ళలో మాస్టారు చెప్పిన డబ్బా సరిగ్గా ఆ కన్సోల్ కిందే ఉంటది, బండి నడిమధ్యన, నేల రేకుకి బోల్టు వేసి. కొన్ని కొత్త బళ్ళలో ఏబీఎస్ యూనిట్‌లోనో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లోనో కలిపీసారు, నీ దాంట్లో ఎక్కడుందో ఇప్పితేగాని చెప్పలేను. ఆ డబ్బా మీద బాణం గుర్తు ఉంటది, అది ఎటు చూడాలో అటే చూడాలి. వైరు అడ్డమొచ్చిందని పక్కకి తోసీసినా, ఒక బోల్టు మానీసినా, కింద వాషర్ ఇరుక్కుని ఓరగా కూర్చున్నా అది చెప్పేవన్నీ తప్పుడు లెక్కలే. కింద పడీసినా చెడిపోతది, లోపల చాలా సున్నితం. దాని సంగతి మ్యూజిక్ షాపు కుర్రోడికి తెలీదు పాపం, వాడికది ఏదో నల్ల డబ్బా.

అందుకే నా దగ్గరకి స్టెబిలిటీ లైటుతో బండి వస్తే మొదట సెన్సార్ మార్చమని చెప్పను. ఈ మధ్య ఏం పని చేయించినావని అడుగుతాను. పదింట్లో సగం అక్కడే దొరుకుతాయి. మొన్నో బండికి వెనక వీల్ బేరింగు ఎవరో తిరగేసి కొట్టీసారు. ఇప్పటి బేరింగులకి ఒక పక్క సీలు మీదే అయస్కాంతం రింగు ఉంటది, స్పీడ్ సెన్సార్ చదివేది దాన్నే, అది అవతలి పక్కకి పోతే చక్రం తిరుగుతున్నా బండి దృష్టిలో ఆగిపోయినట్టే. పాపం ఆయన అప్పటికే రెండు సెన్సార్లు కొనీసాడు.

నువ్వు వైజాగ్ వెళ్ళే ముందు ఇటు రా. లైటుతో ఘాటీ దిగొద్దు. కొరాపుట్ నుంచి జయపురం కూడా ఘాటీయే కానీ దగ్గర, పొద్దున్న ఎండ వచ్చాక మంచు పోయాక మెల్లగా రా, వాన ఉంటే బయల్దేరొద్దు.

బరంపురం ట్రావెల్స్
ఒకటి అడుగుతాను మేస్త్రీ. ఏబీఎస్ లైటు లేకపోతే బ్రేకులు బాగున్నట్టే కదా, మరి నడపడానికి భయమేటి?

జయపురం గేరేజీ
మామూలుగా బ్రేకు పడతది అన్నయ్యా, అది ఆగదు. నువ్వు పాత జీపు నడిపినట్టే ఉంటది, కానీ నువ్వు జీపు నడిపినట్టు ఆయన నడపడు, రోజూ సెన్సార్ల బండికి అలవాటు పడ్డ చెయ్యి. ఏబీఎస్ లైటూ ఎర్ర బ్రేకు లైటూ రెండూ కలిసి వెలిగితే మాత్రం ముందు వెనక చక్రాలకి బ్రేకు పంచే లెక్క కూడా పోయినట్టే, అప్పుడు ఎక్కడున్నావో అక్కడే ఆపాలి.

పర్లాకిమిడి పద్మ
ఆఫ్ బటన్ దేనికి ఇచ్చారో కూడా చెప్పండి మేస్త్రీగారూ, చాలామందికి తెలీదు. మా కొలీగ్ ఒకాయన పెట్రోలు కలిసొస్తుందని రోజూ నొక్కేస్తాడు!

జయపురం గేరేజీ
పెట్రోలు ఏమీ కలిసిరాదమ్మా. బురదలో చక్రం దిగబడిపోయి ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ పీక నొక్కినట్టు అయిపోతది చూడు, చక్రం తిరక్కుండా అది ఆపేస్తది కాబట్టి. అలాంటప్పుడు ఆఫ్ చేసి ముందుకీ వెనక్కీ ఊపి బయటికి తీసుకోడానికి. బయటపడగానే మళ్ళీ ఆన్ చేసీయాలి. మర్చిపోయినా ఇంజన్ ఆపి స్టార్ట్ చేస్తే దానంతటదే ఆన్ అవుతది.

గుణుపురం బీటెక్
రాయగడ నుంచి వచ్చేశాం. ఫోన్‌ని డాష్‌బోర్డు మీద డబుల్ టేపు వేసి పడుకోబెట్టాను. తిన్నగా పోతుంటే సున్నా దగ్గరే అటూ ఇటూ కదులుతోంది. ఒక హెయిర్‌పిన్‌లో మావయ్య సెకండ్ గేర్‌లో 20 వేగంతో తిప్పితే సెకనుకి 21 డిగ్రీలు చూపించింది! బండి ఆగినప్పుడు కూడా పూర్తిగా సున్నా కావట్లేదు, 0.2, 0.3 అలా ఉంటోంది, అది ఎందుకు? ఇంకోటి, లోపల ఏం తిరుగుతుంది, చిన్న బొంగరమా?

సెమిలిగుడ మాస్టారు
శభాష్ బాబూ, ఇది నా క్లాసులో చెప్తాను. నీ అంకెలతోనే లెక్క చూడు. 20 వేగం అంటే సెకనుకి 5.56 మీటర్లు. 21 డిగ్రీలు అంటే 0.37 రేడియన్లు. రెండూ గుణిస్తే సుమారు 2.06, అదే పక్క తోపు, భూమి లాగుడు 9.81లో ఐదో వంతు. భాగిస్తే మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు. ఇప్పుడు అదే మలుపులో 40 వేగంతో తిప్పితే? వేగం రెండింతలైంది, తోపు నాలుగింతలవుతుంది, 8.2. భూమి లాగుడులో 0.84 వంతు. పొడి తారు రోడ్డు మీద మంచి టైరు అంచున నిలబడి ఇవ్వగలిగే పట్టు అది, తడి రోడ్డు మీద, అందులోనూ లారీల డీజిల్ కారిన ఘాటీ మలుపులో, ఏ టైరూ ఇవ్వలేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి: స్టెబిలిటీ కంట్రోల్ కొత్త పట్టు పుట్టించదు, టైరుకున్న పట్టునే నాలుగు చక్రాల మధ్య తెలివిగా వాడుతుంది. అరిగిన టైరుతో 40లో ఆ మలుపుకి వస్తే ఎన్ని సెన్సార్లున్నా లోయే.

లోపల తిరిగేది ఏమీ లేదు, ఊగేది ఉంది. సిలికాన్ మీద చెక్కిన వెంట్రుక మందం ముక్క, కరెంటుతో సెకనుకి వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంటుంది. మజ్జిగౌరమ్మ జాతరలో తిరిగే బల్ల మీద మధ్య నుంచి అంచుకి నడవబోతే ఎవరో పక్కకి తోసినట్టుంటుంది కదా, దాన్నే కొరియోలిస్ బలం అంటాం. బండి తిరిగితే ఆ ఊగే ముక్కకీ అదే పక్క తోపు తగులుతుంది, అది ఎంత పక్కకి జరిగిందో కెపాసిటెన్స్ మార్పుతో కొలుస్తారు. నీ ఫోన్‌లోదీ, కారులోదీ ఒకే జాతి, కాకపోతే కారుది చలికీ వేడికీ కుదుపులకీ తట్టుకునేలా చేస్తారు, తనని తాను పరీక్షించుకుంటూ ఉంటుంది.

ఆగినా సున్నా కాకపోవడం అన్ని జైరోలకీ ఉన్న గుణమే, వేడిని బట్టి సున్నా కొంచెం జరుగుతుంది. జనవరిలో మా సెమిలిగుడలో తెల్లారి ఎముకలు కొరికే చలిలో బండి తీస్తాం, రెండు గంటల్లో సాలూరు దిగేసరికి ఎండ. అందుకని బండి ఒక చిన్న తెలివి చూపిస్తుంది: నాలుగు చక్రాలూ ఆగి ఉన్నాయి అంటే బండి తిరగట్లేదు, కాబట్టి ఇప్పుడు జైరో చెప్పేదే సున్నా అని రాసుకుంటుంది.

సునాబెడ విశ్రాంత ఉద్యోగి
మాస్టారు బాగా చెప్పారు. కొంచెం చరిత్ర కలుపుతాను. ఇది ముందు 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కూపేలో వచ్చింది, బాష్‌తో కలిసి చేశారు, బాష్‌లో ఆ జట్టుని నడిపిన ఇంజనీరు ఆంటన్ వాన్ జాంటెన్, ఆయనకి 2016లో యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు జీవిత సాఫల్య విభాగంలో ఇచ్చారు. అప్పట్లో జైరో అంటే ఊగే చిన్న లోహపు గొట్టం, సిలికాన్‌ది తర్వాత వచ్చింది. లగ్జరీ బండికి మాత్రమే అనుకున్నది చిన్న బళ్ళకి దిగడానికి కారణం 1997లో స్వీడన్‌లో జరిగిన పరీక్ష. రోడ్డు మీద దుప్పి అడ్డం వస్తే తప్పించినట్టు నడిపి చూస్తారు, అందులో మెర్సిడెస్ వాళ్ళదే కొత్త చిన్న బండి, ఎ క్లాస్, బోల్తా పడింది. తర్వాత ఆ బండికి స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరిగా పెట్టి ఇచ్చారు. పద్మగారి దూడ కథ చదవగానే నాకు అదే గుర్తొచ్చింది, సరిగ్గా అదే పరీక్ష ఆవిడకి గుణుపురం రోడ్డు మీద ఎదురైంది.

అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి అన్ని కొత్త కార్లకీ ఉండాలని నియమం. మన దగ్గర 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి ఏబీఎస్ తప్పనిసరి అయింది. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో, అంటే కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే పరీక్షలో, మూడు స్టార్లు, ఆపైన రావాలంటే స్టెబిలిటీ కంట్రోల్ ఉండాలి. పాత బండి కొనేవాళ్ళు ఏబీఎస్ ఉంది కదా అని ఇదీ ఉందనుకోవద్దు. తాళం తిప్పగానే మీటర్‌లో ఈ బొమ్మ ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుందా లేదా చూడండి.

బరంపురం ట్రావెల్స్
పెద్దాయనా, మాస్టారూ, చదివాను. పద్మమ్మ చెప్పిన దూడ సంగతి రెండుసార్లు చదివాను. నాకూ ఒకటి జరిగింది, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ళ కింద తప్తపాణి ఘాటీలో వానలో బండి వెనక భాగం కొట్టుకుపోయి రోడ్డుకి అడ్డంగా తిరిగి ఆగింది. ఎదర లారీ లేదు కాబట్టి ఇవాళ రాస్తున్నాను. ఆ రోజు నా చెయ్యి, కాలు అన్నీ చేసినాయి, బండి వినలేదు. బాటసారి బాబూ, ఆఫ్ నొక్కమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మేస్త్రీ దగ్గరకి వెళ్ళు.

కొరాపుట్ బాటసారి
అన్నయ్యా, ఆ మాట చెప్పినందుకు దండాలు. రేపు పొద్దున్న బయల్దేరుతున్నాను.

కొరాపుట్ బాటసారి
అందరికీ రిపోర్టు. ఎనిమిదింటికి ఎండ వచ్చాక బయల్దేరి 30 దాటకుండా జయపురం చేరాను. మేస్త్రీగారు ముందు స్కానర్ పెట్టారు, నన్ను పక్కనే కూర్చోబెట్టి చూపించారు. బండి చదును నేల మీద కదలకుండా ఉంది, యా రేట్ సున్నా, సరే. పక్క తోపు మాత్రం 0.85 చూపిస్తోంది. స్టీరింగు తిన్నటి రోడ్డు మీద ఎలా ఉంటుందో అలా పట్టుకుంటే ఎడమకి 7 డిగ్రీలు. అంటే బండి దృష్టిలో నేను ఎప్పుడూ కొంచెం ఎడమకి తిప్పుతూనే ఉన్నాను, బండేమో తిరగట్లేదు.

కన్సోల్ విప్పారు. డబ్బాకి రెండు బోల్టులుండాలి, ఒకటే ఉంది. రెండో పక్క కింద నుంచి ఆంప్లిఫయర్ వైరు పోనిచ్చారు, ఆ వైరు లావుకి డబ్బా ఒక చివర పైకి లేచి ఓరగా నిలబడింది. మేస్త్రీగారు వైరు మెల్లగా బయటికి లాగి పక్క గాడిలోంచి పోనిస్తే డబ్బా టక్కుమని రేకు మీద కూర్చుంది, స్క్రీన్ మీద అంకె నా కళ్ళ ముందే 0.85 నుంచి 0.05కి దిగింది. నా పాప బొటనవేలంత బోల్టు లేకపోవడం, ఒక వైరు, అంతే. దాని మీద నలుగురి ప్రాణాలు ఘాటీ ఎక్కాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

సెమిలిగుడ మాస్టారు
0.85 అంటే ఐదు డిగ్రీలు ఓరగా ఉందన్నమాట, 9.81ని 5 డిగ్రీల సైన్‌తో గుణించి చూడు. బీటెక్ బాబూ, అందుకే అన్నాను, దానికి భూమి లాగుడికీ మలుపు తోపుకీ తేడా తెలీదని.

జయపురం గేరేజీ
మిగతాది నేను చెప్తాను, వేరేవాళ్ళకి పనికొస్తది. రెండో బోల్టు అదే సైజుది వేసి టార్క్ రెంచితో బిగించినాను, ఎయిర్ గన్ పెట్టలేదు, ఆ డబ్బా పక్కన ఎవరూ గన్ పెట్టొద్దు. తర్వాత అలైన్‌మెంట్ మళ్ళీ చూసినాం, ముందు చక్రాలు రెండూ తిన్నగానే ఉన్నాయి గానీ స్టీరింగు మధ్యలో లేదు, ఒక పక్క టై రాడ్, అంటే స్టీరింగు నుంచి చక్రానికి పోయే రాడ్, తగ్గించి రెండో పక్క పెంచి మధ్యకి తెచ్చినాం. అప్పుడు స్కానర్‌తో స్టీరింగు జీరో, చదును నేల మీద సెన్సార్ జీరో, కంప్యూటర్‌లో రాసుకున్న పాత తప్పుల కోడ్లు తుడిచీసి రోడ్డు మీద తిప్పి చూసినాం. ఈ వరస తప్పకూడదు. స్టీరింగు ఓరగా ఉండగానే జీరో కొట్టీసే వాళ్ళున్నారు, లైటు పోతది, తప్పు అలాగే ఉండిపోతది. కొన్ని బళ్ళకి స్కానర్ లేకుండా స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పితే నేర్చుకుంటది, బండిని బట్టి.

బ్రేకు ఆయిల్ కూడా నల్లగా ఉంది, మార్చినాను. ఆ పంపు తోసేది ఆయిల్‌నే కదా, రెండేళ్ళకోసారి మార్చుకోండి.

కొరాపుట్ బాటసారి
నిన్న అమ్మని వైజాగ్ తీసుకెళ్ళి వచ్చాను. పొట్టంగి దాటాక మంచు, సుంకి కింద సన్న వాన, సెకండ్ గేర్‌లోనే దిగాను. లైటు రాలేదు, శబ్దం లేదు, స్టీరింగు తిన్నగా ఉంది. అమ్మ పార్వతీపురం రోడ్డు దగ్గర లేచి ఘాటీ అయిపోయిందా అని అడిగింది, దారంతా నిద్రపోయింది. మ్యూజిక్ షాపుకి కూడా వెళ్ళాను, గొడవకి కాదు, ఆ కుర్రాడికి ఫోన్‌లో ఫోటో చూపించాను, బోల్టు ఎక్కడిదో చెప్పాను. వాడు మొహం మాడ్చుకోలేదు, ఫోటో తన ఫోన్‌కి పంపమన్నాడు.

పర్లాకిమిడి పద్మ
చాలా సంతోషం తమ్ముడూ. మేస్త్రీగారూ, నా బండికి కూడా పోయిన నెల సీటు కవర్లు వేయించాను, సీట్లు రెండూ పూర్తిగా ఊడదీశారు. లైటు ఏమీ రాలేదు, స్టీరింగు బాగానే ఉంది. అయినా ఒకసారి స్కానర్ పెట్టి చూపించుకోవాలా? జయపురం నాకు దూరం.

జయపురం గేరేజీ
అంత దూరం రావద్దమ్మా. రాయగడలో స్కానర్ ఉన్నోళ్ళు ఉన్నారు, చదును నేల మీద బండి ఆపి పక్క తోపు అంకె ఒక్కటి చూడమను. సున్నా పక్కనే ఉంటే నిశ్చింతగా వెళ్ళిపో, అర దాటితే కన్సోల్ ఇప్పించు. ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.

బరంపురం ట్రావెల్స్
మేస్త్రీ, మా ఓనరు కొత్త బండి ఒకటి తీసినాడు, ఆరు నెలల కిందే అలైన్‌మెంట్ చేయించాం, స్టీరింగు కొంచెం కుడికి ఉంటది, లైటు లేదు గానీ. శనివారం జయపురం ట్రిప్పు ఉంది. పొద్దున్నే తెస్తాను, తీసుంటావా?

జయపురం గేరేజీ
ఏడింటికే తీస్తాను అన్నయ్యా. దార్లో ఎక్కడా ఆఫ్ నొక్కకుండా తీసుకురా.